కర్త లేని కథకు కార్డు

అద్భుతకథల బొమ్మల పుస్తకములను పిల్లల విభాగపు అరలలో అమర్చి, వానికి సూచిక కార్డులు వ్రాయు పనిని తేలికగా చూచువారు విద్యావంతులలో సైతము కలరు. శాసన సంపుటములకో నిఘంటువులకో సూచిక కూర్చువానికి దక్కు మర్యాద, 32 పుటల సిండ్రెల్లా కథకు కార్డు వ్రాయువానికి దక్కదు. కాని గ్రంథపాలకుని శాస్త్రమునకు నిజమైన పరీక్ష ఈ పలుచని పుస్తకముల వద్దనే జరుగునని నా దృఢవిశ్వాసము. ఏలయన, సూచిక కార్డు మొట్టమొదట అడుగు ప్రశ్న “కర్త యెవరు?” అని, అద్భుతకథ సమాధానము చెప్పజాలని ప్రశ్నయు అదియే.

మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణమున జానపదకథలకు 398.2 అను సంఖ్య ఏర్పడియున్నది. కావ్యనాటకాదులన్నియు 800 అంకెలలో కొలువుదీరియుండగా, కథలకెల్ల తల్లియైన ఈ కథ సాంఘికశాస్త్రముల నడుమ, ఆచారవ్యవహారముల సరసను చేరినది. ఇందు ఔచిత్యము లేకపోలేదు. ఒక వ్యక్తి వ్రాసినదానికంటె ఒక జనసమూహము తరతరములుగా చెప్పుకొన్నదానికి ఆ చోటే తగును; గ్రిమ్ సోదరులు 1812లో తమ తొలి సంపుటమును వెలువరించినపుడు సేకర్తలుగానే లోకమునకు పరిచితులైరి. అయితే 1835 నుండి తన కథలను ప్రకటించిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ వానిలో పెక్కింటిని స్వయముగా కల్పించెను గనుక, ఆయన డేనిష్ సాహిత్యమునకు చెందిన 839.81 లోనికి పోవును. తత్ఫలితముగా, ఒకే వారమున మంచురాణి కథను, నిదురించు సుందరి కథను చదువగోరు ఎనిమిదేండ్ల బాలిక రెండు గదులు తిరుగవలసివచ్చును. ఆ తిరుగుడు అనావశ్యకము. ఆండర్సన్ సంఖ్యను ఆండర్సన్‌కే ఉంచి, వెన్నుమీద ఎఱ్ఱచీటి నంటించి, ఆ పుస్తకములను అద్భుతకథల అరలోనికే చేర్చితిని.

ఇంతకంటె గహనమైన చిక్కు సిండ్రెల్లా తెచ్చిపెట్టును. 1697లో షార్ల్ పెరో చెప్పిన కథలో గుమ్మడికాయ రథమగును, చెప్పు గాజుది. గ్రిమ్ సోదరుల కథలో తల్లి సమాధిపై మొలచిన చెట్టును, దానిపై వ్రాలు పక్షులును ఆ పిల్లకు దిక్కగును, చెప్పు బంగారుది. వీరిరువురికంటె ఎంతో పూర్వము, తొమ్మిదవ శతాబ్దమున చీనాదేశీయుడైన దువాన్ చెంగ్‌షీ గ్రంథస్థము చేసిన యె షియన్ కథలో చచ్చిన చేప యెముకలు వరములిచ్చును, బంగరుచెప్పు అక్కడను కలదు. మేరియన్ రోల్ఫ్ కాక్స్ అను ఆంగ్ల విదుషి 1893 నాటికే ఈ కథకును దీని దాయాదులకును చెందిన 345 రూపాంతరములను క్రోడీకరించెను. దేశమునుబట్టి సంఖ్య వేయుదుమేని ఫ్రెంచి కథ 398.20944, జర్మను కథ 398.20943, చీనా కథ 398.20951 అయి, అక్కచెల్లెండ్రు మువ్వురును మూడు చోట్ల పడుదురు. “మాస్టారూ, చెప్పు జారిపోయిన అమ్మాయి కథ ఇంకోటి ఉందాండీ?” అని అడిగిన పిల్లవానికి దేశముతో ఏమి నిమిత్తము?

ఇట్టి సందర్భమున జానపద పరిశోధకుల కృషి మనకు చేయూత నిచ్చును. ఫిన్లండు పండితుడు ఆంటీ ఆర్నె 1910లో ఆరంభించి, స్టిత్ థామ్సన్ 1928లోను 1961లోను విస్తరింపగా, హాన్స్-యోర్గ్ ఊథర్ 2004లో సంస్కరించిన కథాప్రరూపముల పట్టికలో సిండ్రెల్లా 510ఎ, ఎఱ్ఱటోపీ పిల్ల 333, స్నోవైట్ 709. పుస్తకము అరలో ఒక్కచోటనే నిలువగలదు. కార్డులు ఎన్నియైనను ఉండవచ్చును. కావున ప్రతి కథకును కథపేరనే ఒక కార్డు వ్రాసి, మూలన ఈ సంఖ్య వేసి, దాని రూపాంతరములన్నియు ఎక్కడెక్కడ ఉన్నవో క్రింద చేర్చుచున్నాను. ఇరువది కథల సంకలనమైనచో ఇరువది కార్డులు. ఎఱ్ఱటోపీ కార్డుపై మరియొక పంక్తియు చేర్చుట నాకు అలవాటు: పెరో కథ తోడేలు పిల్లను మ్రింగుటతో ముగియును, గ్రిమ్ కథలో వేటగాడు వచ్చి కడుపు చీల్చి రక్షించును, ఏ పుస్తకమున ఏ ముగింపు గలదో ముందుగా తెలిసినచో, రాత్రి పడుకొనబోవు పసివానికి చదివి వినిపింపనున్న తల్లి తనకు కావలసినది ఎంచుకొనును. పాఠకుని కాలమును ఆదా చేయుమని రంగనాథన్‌గారు 1931లో తమ గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో నాలుగవదానియందు చెప్పిరి గదా. పిల్లల విషయమున కాలమనగా ఉత్సాహమే. అది నిమిషములలో చల్లారును.

ఇక చిత్రకారుడు. కార్డుపై రచయిత పేరు శిరోభాగమునను, బొమ్మలు వేసినవాని పేరు క్రింద ఎక్కడనో చిన్నగాను ఉండుట వచనగ్రంథములకు చెల్లును గాని, బొమ్మల పుస్తకమునకు చెల్లదు. గుస్తావ్ డోరే 1862లో పెరో కథలకు చెక్కించిన అడవుల చీకటియు, ఇవాన్ బిలీబిన్ రష్యన్ కథల చుట్టు తీర్చిన అలంకృతమైన అంచులును ఆ పుస్తకములలో సగము కథను తామే చెప్పును. మన చందమామ యుదాహరణము మరింత స్పష్టమైనది. 1947 జులైలో ఆరంభమైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యంగారు ‘తోకచుక్క’ మొదలుగా వ్రాసిన ధారావాహికలు రచయిత పేరు లేకయే వెలువడినవి. బొమ్మలక్రింద మాత్రము ‘చిత్రా’ సంతకము కనబడుచుండెడిది. అట్టివానికి కర్తపేరు మీద మాత్రమే కార్డు వ్రాసినచో, చిన్ననాడు చూచిన ఆ రాక్షసుల రూపములను తప్ప మరేమియు గుర్తులేక వెదకుచు వచ్చు అరువదేండ్ల పాఠకుడు రిక్తహస్తములతో మరలును. చిత్రకారుని పేర ప్రత్యేకమైన కార్డు ఉండితీరవలెను.

బైండింగునుగూర్చి ఒక్కమాట. కుట్టుటకై లోపలి అంచును ఎక్కువగా పట్టినచో, రెండు పుటల మీదుగా పరచిన బొమ్మ నడుమ భాగము లోపలికి పోయి, గుఱ్ఱము ఒకవైపు, రాకుమారుని ముఖము మడతలోను మిగులును. బైండరునకు ఈ పుస్తకములను విడిగా అప్పగించి, పుట పూర్తిగా తెఱచుకొనునట్లు కుట్టుమని చెప్పుట అవసరము.

ప్రస్తుతము చందమామ సంపుటములలోని బేతాళకథలవద్దకు వచ్చియున్నాను. ప్రాచీనమైన ఇరువదియైదు కథలు ముగిసిన పిమ్మట విక్రమార్కుడు, శవము, చెట్టు అను ఆ చట్రమును మాత్రము నిలిపి, లోపల క్రొత్తకథలను దశాబ్దములపాటు నడపిరి; చట్రము కథాసరిత్సాగరమునాటిది, కథ నిన్నటిది. ఒక్క కార్డు ఈ రెండింటికిని న్యాయము చేయజాలదు. చట్రమునకొకటి, లోపలి కథకొకటి, చిత్రకారునికొకటి చొప్పున వ్రాయుటకు నిశ్చయించి, ఖాళీ కార్డులు మరికొన్ని కావలెనని కార్యాలయమునకు వ్రాసి పంపితిని.