పన్నుకు లొంగని చీకటి బజారు: సంగారెడ్డి ప్రాంతపు కల్లు వ్యాపారము ఆధారముగా ఒక విమర్శ

మాదకద్రవ్యములను నిషేధించుట కంటె వాటిని చట్టబద్ధము చేసి పన్ను వేయుట మేలని, అప్పుడు చీకటి బజారు తనంతట తానే అంతరిస్తుందని చెప్పే వాదము పాతదే. దానికి ఆర్థికశాస్త్రములో గట్టి రూపమిచ్చిన వ్యాసము 2006లో ‘జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ’ పత్రికలో వెలువడింది. రచయితలు గారీ బెకర్, కెవిన్ మర్ఫీ, మైఖేల్ గ్రాస్‌మన్. వీరిలో బెకర్ 1992లో నోబెల్ బహుమానము పొందినవాడు. చట్టవిరుద్ధమైన సరుకుల మార్కెట్టును మాదకద్రవ్యముల ఉదాహరణతో పరిశీలించిన ఈ వ్యాసమును మేము ఇక్కడ సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు అనుభవము ముందు నిలబెట్టి చూడదలచాము. అక్కడ ఒక మత్తు పానీయము తరతరాలుగా చట్టబద్ధముగానే అమ్ముడవుతున్నది. అది కల్లు.

ముందుగా రచయితల వాదమును న్యాయముగా చెప్పుకొందాము. మత్తుకు అలవాటుపడినవాడు ధర పెరిగినంత మాత్రాన కొనుగోలును పెద్దగా తగ్గించుకొనడు. కనుక నిషేధము వలన ధర పెరిగితే అతడు పెట్టే మొత్తము ఖర్చే పెరుగుతుంది. ఆ సొమ్ము సరుకు దాచుటకు, లంచములకు, జైలు ప్రమాదమునకు పరిహారముగా కరిగిపోతుంది. సమాజమునకు ఒరిగేది ఏమీ లేదు. అదే ధరను పన్ను ద్వారా పెంచితే వాడకము అంతే తగ్గుతుంది, సొమ్ము మాత్రము ఖజానాకు చేరుతుంది. పన్ను ఎగవేయుటకు కొందరు చాటుకు పోయినప్పటికీ ఈ పద్ధతి నిషేధము కంటె వాడకమును ఎక్కువగా తగ్గించగలదని వారు గణితముతో చూపారు. చీకటి బజారు పూర్తిగా పోతుందని ఆ ముగ్గురు ఎక్కడా అనలేదు. ఆ మాట వారిని ఉదహరించేవారిది. ఈ భేదమును చెప్పకుండా విమర్శకు దిగుట అన్యాయము.

ఇతర దేశముల అనుభవము ఈ వాదమును కొంత బలపరుస్తుంది కూడ. కెనడా 2018 అక్టోబరు 17 నుండి గంజాయిని చట్టబద్ధము చేసింది. కొనుగోలుదారులు ఏటేటా చట్టబద్ధమైన దుకాణముల వైపు మళ్లారు, చాటు వ్యాపారము మాత్రము మిగిలే ఉంది. కాలిఫోర్నియాలో 2018 జనవరిలో అమ్మకములు మొదలయ్యాయి. అక్కడ పన్నులు బరువై, అనేక పట్టణములు దుకాణములకు అనుమతి నిరాకరించగా దొంగ సాగు బలముగా నిలిచింది. చివరకు ఆ రాష్ట్రము 2022 జులైలో సాగు పన్నును రద్దు చేసింది. పన్ను తగ్గిస్తే చాటు వ్యాపారము తగ్గుతుందన్నది అక్కడి లెక్క. ఆ లెక్క మన కల్లు విషయములో ఎందుకు కుదరదో చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

నిజాము కాలములో కల్లు ఆబ్కారీ ఆదాయమునకు ఒక పెద్ద వనరు. ముస్తాజరులు వేలములో హక్కు కొనుక్కొని గీత కార్మికులచేత చెట్లు గీయించేవారు. తరువాతి కాలములో ఆ హక్కు గీత కార్మికుల సహకార సంఘములకు, చెట్టు గీసేవానికే అమ్మే హక్కునిచ్చే పథకము క్రింద విడి కార్మికులకు మారింది. చెట్టుకు ఇంత అని పన్ను కట్టేవారు. అనగా ప్రభుత్వము లెక్కించినది చెట్టును. తాగేవాడు కొన్నది సీసాను. ఈ రెంటికి మధ్య ఉన్న దూరములోనే మా విమర్శ అంతా ఉన్నది.

ఈత చెట్టు చలికాలములో పారుతుంది, తాడి ఎండాకాలము వైపు పారుతుంది. మోకు, ముస్తాదు కట్టుకొని మనిషి రోజూ ఎక్కాలి, దిగాలి. దించిన కల్లు గంటల్లోనే పులుస్తుంది, నిలవ ఉంచితే పుల్లబడి పనికిరాదు. కనుక నిజమైన కల్లుకు ఒక సహజమైన హద్దు ఉంది: చెట్లు ఎన్ని, ఋతువు ఏది, ఊరు ఎంత దూరము. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం, గుమ్మడిదల ప్రాంతములలో ఫ్యాక్టరీలు లేచిన కొలది భూములు ప్లాట్లయ్యాయి, చెట్లు కొట్టివేయబడ్డాయి. ఊరివారితో పాటు బయటి రాష్ట్రముల కూలీలు వచ్చి చేరారు. తాగేవారు పెరిగారు, చెట్లు తగ్గాయి. అయినా కాంపౌండులో సీసాలు ఏ ఋతువులోనూ తక్కువ కాలేదు. ఈ వింతకు వివరణ రసాయనశాస్త్రములో దొరుకుతుంది.

నీళ్లు, కొద్దిగా కల్లు, తీపికి శాకరిన్, మత్తుకు ఒక మందు. మొదట క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు. తరువాత వ్యాపారులు డైజోఫాం అనే డయాజిపామ్ వచ్చింది. ఆ తరువాత అల్ప్రాజోలం. వైద్యములో నిద్రకు క్లోరల్ హైడ్రేట్ అర గ్రాము నుండి ఒక గ్రాము వరకు ఇచ్చేవారు, కిలోకు వెయ్యి నుండి రెండు వేల మోతాదులు. డయాజిపామ్ మోతాదు 5 నుండి 10 మిల్లీగ్రాములు, కిలోకు లక్ష నుండి రెండు లక్షలు. అల్ప్రాజోలం మాత్ర పావు మిల్లీగ్రాము నుండి ఒక మిల్లీగ్రాము వరకు ఉంటుంది, కిలోకు పది లక్షల నుండి నలభై లక్షలు. బస్తా మోయవలసినచోట జేబు చాలింది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద అల్ప్రాజోలం 100 గ్రాములకు మించి ఉంటే అది వాణిజ్య పరిమాణము, శిక్ష పదేండ్లకు తగ్గదు. కాని ఆ 100 గ్రాములతో ఒక మండలమంతటికీ కొన్ని రోజులు మత్తు పంచవచ్చును.

ఇక్కడ బెకర్ బృందము వాదమునకు మేము చెప్పే ప్రధానమైన అభ్యంతరము వస్తుంది. వారి వ్యాసములో చీకటి బజారు అంటే అదే సరుకును, పన్ను కట్టకుండా, వేరొకచోట అమ్మే వ్యాపారము. అది చట్టబద్ధమైన దుకాణమునకు పోటీదారు. సంగారెడ్డిలో చీకటి బజారు పోటీదారు కాదు, సరఫరాదారు. అది లైసెన్సు ఉన్న కాంపౌండు బయట లేదు, లోపలి సీసాలోనే ఉంది. గోడకు తగిలించిన లైసెన్సు దానికి శత్రువు కాదు, గొడుగు.

దీనికి ఒక సహజ పరీక్ష కూడ జరిగింది. తెలంగాణ ఏర్పడిన తరువాత రాష్ట్ర ప్రభుత్వము చెట్టు పన్నును రద్దు చేసింది, పాత బకాయిలను మాఫీ చేసింది. 2004లో మూతపడిన హైదరాబాదు కల్లు దుకాణములు 2014లో మరల తెరుచుకున్నాయి. అంటే సరుకు చట్టబద్ధము, దుకాణము చట్టబద్ధము, ఎగవేయుటకు పన్ను కూడ లేదు. కాలిఫోర్నియా లెక్క ప్రకారము చాటు వ్యాపారమునకు కారణమే మిగలలేదు. అయినను కల్తీ ఆగలేదు. గీత కార్మికుల బ్రతుకు దృష్ట్యా చెట్టు పన్ను రద్దు మంచిదే, దానిని మేము తప్పుపట్టుట లేదు. మేము అనేది, ఆ చీకటి బజారు పన్ను భయముతో పుట్టినది కాదని మాత్రమే. చెట్టు ఇవ్వలేనిదానిని సీసాలో నింపుటకు అది పుట్టింది.

అల్ప్రాజోలం సైతము నిషిద్ధ వస్తువు కాదు. వైద్యుని చీటీతో దుకాణములో దొరికే మందు, లైసెన్సుతో తయారయ్యేది, పన్ను కట్టేది. దేశపు మందుల ముడిసరుకులో ముఖ్యమైన భాగము ఈ పారిశ్రామిక వాడలలోనే తయారవుతుంది. వాటిలో అత్యధికము నియమబద్ధముగా నడిచేవే. కాని ఇక్కడ రియాక్టరు నడుపుట తెలిసినవారు ఉన్నారు, ద్రావకములు దొరుకుతాయి, మూతపడిన షెడ్లు అద్దెకు వస్తాయి. సంగారెడ్డి జిల్లాలో దొంగచాటు అల్ప్రాజోలం తయారీని అధికారులు పలుమార్లు పట్టుకున్నది ఇందుకే. కల్లు ఒక చట్టబద్ధ వ్యాపారము, మందు మరొక చట్టబద్ధ వ్యాపారము. ఒకదానిని ఆబ్కారీ శాఖ చూస్తుంది, రెండవదానిని ఔషధ నియంత్రణ శాఖ చూస్తుంది. చీకటి బజారు ఈ రెండు లైసెన్సుల నడిమి గట్టు మీద కాపురము పెట్టింది.

అయితే నిషేధవాదులు దీనిని తమ గెలుపుగా చెప్పుకొనుటకు వీలులేదు. 1992లో దూబగుంట స్త్రీలు రేపిన ఉద్యమముతో 1993 అక్టోబరులో సారా నిషేధము వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది, 1997లో అది సడలిపోయింది. సారా పోయినచోట గుడుంబా కుండ పొయ్యి మీదికెక్కింది. కనుక బెకర్ బృందము నిషేధమును గూర్చి చెప్పినది చాలామట్టుకు నిజమే. చట్టబద్ధత అంటే ఏమిటన్నదే వారు అడుగవలసినంత లోతుగా అడుగలేదు. ఎవడు అమ్మవచ్చునో చెప్పి, సీసాలో ఏముందో ప్రతిరోజూ పరీక్షింపని చట్టబద్ధత పేరుకే చట్టబద్ధత. పన్ను వేయుటకు గుమాస్తా చాలును. సీసా చూచుటకు ప్రయోగశాల కావాలి.

వారి సమీకరణములలో మరొక లోటు కూడ ఉంది. వాటిలో కొనేవాడు తాను కొనేది ఏమిటో తెలిసినవాడు. కాంపౌండుకు వెళ్లే కూలీ కల్లు అనుకొని తాగుతాడు. అతని శరీరము అలవాటుపడినది మాత్రము అల్ప్రాజోలానికి. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు జరిగి మందు కల్లు ఆగినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో ఎంతోమంది వణుకు, మూర్ఛలు, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు చేరారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి కిటకిటలాడింది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతములో లైసెన్సు ఉన్న దుకాణముల కల్లే తాగి పలువురు చనిపోయారు. నమూనాలలో అల్ప్రాజోలం బయటపడింది. దుకాణము తెరిస్తే ఒక చావు, మూస్తే మరొక వ్యాధి. ఇంతటి పట్టు ఉన్న వ్యాపారిని ధరల గీతతో కొలువలేము.

ఈ పత్రిక చదివే సంఘ కాపరులకు ఈ విషయము దూరమైనది కాదు. ఉజ్జీవ కూటములలో ‘ఈ రాత్రే మానివేయుము’ అని పిలుపునిచ్చుట మన వాడుక. బీడీ మానేవానికి ఆ మాట మేలు చేయవచ్చును. ఏండ్ల తరబడి మందు కల్లు తాగినవాడు ఒక్కసారిగా మానితే మూడవనాటికి మూర్ఛ వచ్చి పడిపోవచ్చును, ప్రాణమే పోవచ్చును. ఇంటివారు దానిని దయ్యమనుకొని ప్రార్థనకే తీసుకువస్తారు. వైద్యులు చేసే పని వేరు. అదే జాతికి చెందిన మందును కొలిచి ఇచ్చి, కొన్ని వారములలో కొద్దికొద్దిగా తగ్గిస్తారు. పటాన్‌చెరు నుండి ఎర్రగడ్డకు నేరుగా బస్సు ఉంది. మానుతానని మాట ఇచ్చినవానిని మరునాటి ఉదయము ఆ బస్సు ఎక్కించుటకు తోడు వెళ్లేవారు కావాలి.