గీటుకు నిలవని రాయి

ఏలూరు జిల్లాలో నూజివీడు పక్కన గొల్లపల్లి అనే ఊరుంది. అక్కడి ఇసుకరాతి పొరలకు భూగర్భశాస్త్రంలో ఆ ఊరి పేరే స్థిరపడింది. ఆ చుట్టుపక్కలే, ఏలూరుకు పడమటగా మల్లవల్లి దగ్గర, ఒకప్పుడు నేల తవ్వి గులకల్లోంచి వజ్రాలు ఏరేవారు. ఆ తవ్వకాల గురించి బెంజమిన్ హేన్ 1814లో లండన్‌లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. కృష్ణకు ఆ ఒడ్డున కొల్లూరు, ఈ ఒడ్డున పరిటాల వజ్రాల గనులు సరేసరి. ఇలాంటి నేల మీద రాయిని చూసే కన్ను వజ్రం దగ్గరే పదునెక్కింది. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూస్తాం, రాయిని మరో రాయితో గీసి చూస్తాం. గీటుకు నిలిస్తే జాతిరాయి, నిలవకపోతే గాజుపెంకు. వజ్రానికీ కెంపుకూ నీలానికీ ఈ కొలత సరిపోయింది. ఒక కొస ఊదా, ఒక కొస లేతాకుపచ్చగా పలకలు తీర్చిన ఫ్లోరైట్ అనే రాయి చేతికొచ్చినప్పుడు మాత్రం అదే కొలత మనల్ని నిలువునా మోసం చేస్తుంది. ఎందుకంటే మామూలు గాజు ఫ్లోరైట్ కంటే గట్టిది. రెంటినీ ఒకదానితో ఒకటి గీసి చూస్తే నకిలీ గెలుస్తుంది, అసలుది ఓడిపోతుంది. పరీక్ష పేరుతో రాయి పాడవడం అదనపు నష్టం. ఈ రాయి విలువను సాన పట్టినవాడి నిర్ణయాల్లో వెతకాలి, దాన్ని ధరించేవారి జాగ్రత్తలో నిలుపుకోవాలి.

ఫ్రెడరిక్ మోస్ 1812లో కట్టిన కాఠిన్య కొలమానంలో వజ్రానిది 10వ మెట్టు, ఫ్లోరైట్‌ది 4వ మెట్టు. చాకుమొన కూడా దీన్ని గీస్తుంది. అయినా ఈ రెండు రాళ్లకూ లోపలి కట్టుబడిలో చుట్టరికం ఉంది. రెండూ నాలుగు దిక్కుల్లో నున్నగా చీలతాయి, ఆ చీలికలన్నీ కలిస్తే ఎనిమిది ముఖాల రూపం తేలుతుంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆరు కోణాల వజ్రాన్ని చెప్పింది ఈ రూపం చూసే అనుకోవచ్చు. ఎనిమిది ముఖాల రాయికి మొనలు ఆరే కదా. ఫ్లోరైట్ భూమిలో ఎక్కువగా పాచికలా పెరుగుతుంది, మూలలు చీల్చితే అదే ఆకారం బయటపడుతుంది. కాబట్టి వజ్రం చీల్చే పనివాడికి తెలిసిన విద్య ఇక్కడా కావాలి, తిరగేసి వాడాలి అంతే. రాయి చీలే వాలుకు సరిగ్గా సమాంతరంగా పలక పెడితే పొరలు లేస్తాయి, మెరుగు ఎక్కదు. అందుకని కొన్ని డిగ్రీలు పక్కకు వంచి పెడతారు. నున్నటి పలక మీద గీతలూ లేచిన పొరలూ లేకుండా, పలకల అంచులు కత్తిరించినట్టు కలిసి ఉన్నాయంటే ఆ చేతికి ఓర్పు ఉన్నట్టే.

రంగుల సంగతి ఇంకా సున్నితం. స్ఫటికం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న ద్రవం మారుతూ వస్తుంది. అందులోని అరుదైన మూలకాలూ, పక్క రాళ్ల నుంచి పడే రేడియో ధార్మికతా ఒక్కో పొరకు ఒక్కో రంగు వేస్తాయి. రెండు పొరలు కలిసే సరిహద్దు చాలావరకు పాచిక ముఖానికి సమాంతరంగా, తిన్నగా ఉంటుంది. దాన్ని పైపలకకు నిట్టనిలువుగా నిలబెట్టి కోస్తే రెండు రంగులూ రెండు గదుల్లా వేరుగా నిలుస్తాయి. అది పక్కకు ఒరిగితే అడుగు పలకలు వెలుగును అటూ ఇటూ తిప్పి రంగుల్ని కలిపేస్తాయి, చివరికి మిగిలేది బురదరంగు. పొడవాటి దీర్ఘచతురస్రంలో మెట్లుమెట్లుగా తీర్చిన కోత ఈ రాయికి నప్పడానికి కారణం ఇదే. పలకలు ఎక్కువ పెట్టి తళుకు పెంచాలనుకుంటే సరిహద్దు చెదురుతుంది. ఇక లోతు. ఫ్లోరైట్ వెలుగును తక్కువగా వంచుతుంది, దాని వక్రీభవన గుణకం 1.434 మాత్రమే. అడుగు పలకల వాలు సుమారు 44 డిగ్రీలకు తగ్గితే వెలుగు తిరిగి కంటికి రాకుండా కిందికి జారిపోతుంది. దీన్ని చూడటానికి పరికరం అక్కర్లేదు. రాయిని వార్తాపత్రిక మీద పెట్టి తిన్నగా పైనుంచి చూడండి. నడిమధ్యలో అక్షరాలు చదవగలిగితే బరువు మిగుల్చుకోవడానికో, తెలియకో లోతు తగ్గించారన్న మాట. ఈ రాయి పెద్ద పెద్ద ముక్కలుగా దొరుకుతుంది గనుక క్యారెట్ల బరువుకు అంతగా లొంగిపోనక్కర్లేదు. శుభ్రమైన లోపలి భాగం, తెగినట్టుండే సరిహద్దు, సరైన లోతు ఉన్న చిన్న రాయే మేలు.

నవరత్నాల్లో లేదు, ఉంగరంలో నిలవదు, అలాంటిదానికి డబ్బు దండగ కాదా అని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. నవరత్నాల జాబితా గ్రహాల లెక్కతో కుదిరింది, అందులో లేనంత మాత్రాన పనితనానికి విలువ పోదు. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఊదా, పసుపు చారల ఫ్లోరైట్ దొరుకుతుంది. దాన్ని బ్లూ జాన్ అంటారు. రాయి పెళుసని అక్కడి పనివాళ్లు జిగురు పట్టించి గట్టిపరుస్తూ కలశాలు చెక్కారు. 18వ శతాబ్దంలో పెద్ద పెద్ద భవనాలకు అవి అలంకారం. మెత్తదనాన్ని లోపమని తోసేయకుండా దాన్నిబట్టి పని మార్చుకున్నారు. రెండో అనుమానం అతుకు రాళ్ల గురించి, అది న్యాయమైనదే. రెండు రంగుల ముక్కల్ని జిగురుతో అతికించి అమ్మడం సులువు. రాయిని నీళ్లలో ముంచి పక్కనుంచి భూతద్దంతో చూస్తే అతుకు ఒకే సన్నటి గీతగా, దాని వెంట నలిగిన గాలిబుడగలతో కనిపిస్తుంది. సహజమైన సరిహద్దు దగ్గర ఒకటికి నాలుగు సన్నని పొరలు కనిపించవచ్చు. గాజు అనుమానం తీరాలంటే ప్రయోగశాలలో గుణకం చదివించడం, నీటిలో తూచడం మంచివి. ఫ్లోరైట్ నీటికి 3.18 రెట్లు బరువు.

మూడో భయం మన తెలుగునాట పుట్టింది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు, నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. ఆ పేరు వింటే ఫ్లోరైట్‌ను ఒంటి మీద పెట్టుకోవడానికి జంకడం సహజం. ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడ్ నీటితో వచ్చే జబ్బు అది. పొడిగా మెడలో వేలాడే రాయితో రాదు. కాకపోతే ఈ రాయిని మంచినీళ్ల గ్లాసులో నానబెట్టి ఆ నీళ్లు తాగే అలవాటు మాత్రం వద్దు. కొద్దిగానైనా కరుగుతుంది, ఆ కొద్దే ఫ్లోరైడ్‌ను తాగునీటి హద్దు దాటించగలదు. సాన పట్టేటప్పుడు లేచే ధూళికి పనివాడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, తడిమీదే పని చేయాలి.

జాగ్రత్త విషయానికొస్తే మన సీమలో మొదటి శత్రువు దుమ్మే. తాడేపల్లిగూడెం చుట్టూ బియ్యం మిల్లులు, కొల్లేటి గట్ల మీద వేసవి మట్టి. వడ్ల ఊకలో సిలికా నిండి ఉంటుంది. అది ఫ్లోరైట్ కంటే గట్టిది, మట్టిలోని ఇసుక మరీ గట్టిది. కంటికి కనపడని ఆ నలుసులు పైపలక మీద ఉండగా పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బు కలిపి ముంచాలి. నలుసులు జారిపోయాక వేలికొసతో నిమిరి, కడిగి, పాత నూలుగుడ్డతో అద్దాలి. కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో తోమడం, చింతపండు పట్టించడం బంగారానికి సరే, ఈ రాయికి వద్దు. మరిగే నీళ్లూ, ఆవిరీ, దుకాణాల్లో ప్రకంపనలతో శుభ్రం చేసే యంత్రమూ చీలికను మేల్కొలుపుతాయి. కొన్ని రంగులు ఎండకు వెలుస్తాయి గనుక కిటికీ పక్క అద్దాల బీరువా మంచి చోటు కాదు. వజ్రపు నగలతో ఒకే పెట్టెలో కాకుండా విడిగా మెత్తని సంచీలో ఉంచాలి. ఉంగరం కన్నా లాకెట్టు, కమ్మలు నయం. పొదిగేటప్పుడు చుట్టూ అంచు కట్టించి మూలలు కప్పించాలి. గొలుసు తెగి కంసాలి దగ్గరికి తీసుకెళితే, టంకం వేసే ముందు రాయి తీయమని చెప్పాలి, ఆసిడ్‌లో ముంచవద్దనాలి. రాయి ఉండగానే మంట పెడతానంటే ఆ నగను వెనక్కి తెచ్చేసుకోవాలి.