ఇలాంటిదే ఇంకోటి!

నవల నచ్చిందంటే ఆఖరి పేజీ తిప్పగానే మనసు ఊరుకోదు. పక్కింటికి వెళ్ళి, “వదినగారూ, ఇలాంటిదే ఇంకోటుంటే ఇద్దురూ!” అంటాం. చీరల కొట్లో అడిగినట్టే! చీరైతే రంగూ అంచూ చూసి కొట్టువాడు పది తీసి పరుస్తాడు. పుస్తకానికి రంగేమిటి, అంచేమిటి? చిక్కంతా అక్కడే వచ్చింది.

పాతబస్తీలో ఉండేవాళ్ళకి పుస్తకాల కరువు లేదు. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది అదే. ఇంకాస్త ముందుకెళ్తే సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. కోఠీలో పాత పుస్తకాలవాళ్ళు సరేసరి. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం అందాలనీ, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలనీ రంగనాథన్‌గారు 1931లోనే గ్రంథాలయాలకి సూత్రాలు రాసిపెట్టారు. బాగానే ఉంది. కానీ తనకేం కావాలో పాఠకురాలికే తెలియకపోతే లైబ్రేరియన్‌గారు మాత్రం ఏం చేస్తారు పాపం!

మనకు తెలిసిన సులువైన దారి ఒకటే: అదే రచయిత్రి, మరో నవల. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ అవగానే ‘మీనా’, అది అవగానే ఇంకోటి. తప్పేం లేదు. అలసిన మనసుకి అలవాటైన కథ వేడివేడి కాఫీలాంటిది. అయితే అయిదో నవల దగ్గరికొచ్చేసరికి హీరోగారి కారు వీధి మలుపులో ఉండగానే ముగింపు మనకి తెలిసిపోతుంది. ఆ లోపం రచయిత్రిది కాదు సుమండీ, మనం అడిగిన తీరుది.

“ఇలాంటిది” అనే ముందు, “ఇందులో నన్ను పట్టి కూర్చోబెట్టిందేమిటి?” అని అడిగి చూడండి. ‘సెక్రటరీ’లో రాజశేఖరమే అయితే మీ దారి మీకు తెలిసిందే. అలా కాక ఉద్యోగం చేసుకునే జయంతి అభిమానం నచ్చిందా? అయితే రంగనాయకమ్మగారి ‘జానకి విముక్తి’ పట్టుకోండి. జయంతి కథ ప్రేమ ఫలించిన చోట ఆగుతుంది. జానకి కష్టాలు పెళ్ళి తరవాతే. చర్చలు ఎక్కువ, కాస్త ఓపిక కావాలి. కానీ మొదటి నవల వదిలేసిన ప్రశ్న రెండోదాంట్లో ఎదురొస్తుంది.

అదే రచయిత్రి ‘స్వీట్ హోమ్’లో మొగుడూపెళ్ళాల మాటలకి నవ్వుకున్నారా? మునిమాణిక్యం నరసింహారావుగారి ‘కాంతం కథలు’ తెచ్చుకోండి. కాంతం మాటకారే, కానీ ఆమెను మనకి చూపించేది భర్తగారు. ఇక్కడ కలం ఆడవాళ్ళ చేతిలో ఉంది. రెండూ వెంటవెంటనే చదివితే, నవ్వుతున్నది ఎవరి వైపు నించో తెలిసొస్తుంది.

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నచ్చినవాళ్ళకి నిజాం నాటి తెలంగాణా పల్లె చేతికందింది. అదే కాలం నగరంలో ఎలా గడిచిందో కావాలంటే నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్ కథలు’ ఉన్నాయి. రోజూ మనం నడిచే గల్లీలే, పెరుగు తోడుకి వెళ్ళే ఇళ్ళే, కథలో కొత్తగా కనిపిస్తాయి. ఆ ఇళ్ళలోని ఉర్దూ తియ్యదనం చెవిన పడితే, రంగాచార్యగారి అన్న దాశరథి కృష్ణమాచార్య తెలుగు చేసిన ‘గాలిబ్ గీతాలు’ తరవాతి మెట్టు. పల్లె నించి పాతబస్తీకి, అక్కడి నించి గాలిబ్ దగ్గరికి! ఏ బీరువాలోనూ ఈ మూడూ పక్కపక్కన ఉండవు.

మాలతీ చందూర్‌గారు ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షికన ఇంగ్లీషు నవలల్ని మనకి పరిచయం చేసిందీ ఇలాంటి పనే. ఆవిడ రుచి చూపించారు. ఆ రుచితోనే కడుపు నిండినవాళ్ళూ ఉన్నారు, విస్తరి వేసుకుని కూర్చున్నవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు ఫోనులో ఒక పుస్తకం కొంటే కిందే మరో పది వరస కడతాయి. ఇది కొన్నవాళ్ళు ఇంకేం కొన్నారన్న లెక్క అది. ఏది కొన్నామో దానికి తెలుసు, ఎందుకు నచ్చిందో తెలియదు. అది తెలిసింది మనకే.

మనకి చదువుకునే తీరిక ఎంతని! పొయ్యి ఆర్పాక, పిల్లలు పడుకున్నాక దొరికే ఒక్క గంట. ఆ గంటలోనూ ఏడాదంతా ఒకే కథ పేర్లు మార్చుకుని వస్తుంటే, మనకి తెలిసిన లోకం ఆ వాకిలి దగ్గరే ఆగిపోతుంది. అందుకే పుస్తకం తిరిగి ఇచ్చేముందు, పాలలెక్క రాసుకునే నోటుబుక్కులో ఒక్క ముక్క రాసుకోండి: “ఇందులో నాకు నచ్చింది ఫలానా.” ఈసారి వదినగారిని ఆ ఫలానా అడగండి. ఆవిడ బీరువాలో లేకపోవచ్చు. ఎక్కడ వెతకాలో మాత్రం మీ ఇద్దరికీ తెలుస్తుంది.