కోపం వెనక ఏముందో అడిగే బడి

హైదరాబాద్ ఎంఎంటీఎస్‌ రైల్లో బోరబండ దాటితే వచ్చేది హైటెక్ సిటీ స్టేషనే. పొద్దున్నే ఆ రైల్లో, షేర్ ఆటోల్లో మాదాపూర్ వైపు వెళ్లే ఆడవాళ్లలో ఇళ్లలో పనికి పోయేవాళ్లు, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు ఎందరో. తల్లి వెళ్లాక తమ్ముళ్లకు జడుపు జ్వరం వచ్చినా, నల్లా వచ్చినా చూసుకోవాల్సింది 13, 14 ఏళ్ల అక్క. ఆ పిల్ల బడికొచ్చి, హాజరు పిలుస్తుండగా బెంచీ మీద ఒక్క దెబ్బ చరిచి బయటికి పోతే ‘పొగరు’ అనేస్తాం. మరో పిల్ల నెలల తరబడి నోరే విప్పదు. ఆమె ‘బుద్ధిమంతురాలు’. ఇద్దరికీ సాయం అందదు.

చదువునూ మానసిక చికిత్సనూ ఒకే గడపలో ఉంచిన బడుల సంప్రదాయానికి వందేళ్లు దాటాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన 1918లో ఆస్ట్రియాలోని ఓబర్‌హోలాబ్రున్‌లో ఆగస్ట్ ఐక్‌హార్న్ అనే విద్యావేత్త దారి తప్పారన్న పిల్లల్ని చేరదీశాడు. అందరిలోకీ దుడుకు పిల్లలు కుర్చీలు విరగ్గొట్టినా సిబ్బంది చెయ్యెత్తలేదు. ఎంత రెచ్చగొట్టినా తిరిగి కొట్టని పెద్దల్ని చూశాకే ఆ పిల్లలు నెమ్మదించారు. ‘రైలుబడి’ పుస్తకం చదివిన తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అందులో ఒక బడి వెళ్లగొట్టిన టొటోచాన్ అనే చిన్నపిల్లను కొబయాషి మాస్టారు ముందు గంటల తరబడి మాట్లాడనిచ్చాడు, ఆ తర్వాతే బడిలో చేర్చుకున్నాడు.

ఈ పద్ధతిలో పనితనమంతా చిన్న చిన్న విషయాల్లోనే ఉంది. బయటికి పోయిన పిల్ల వెనక టీచరు వెళ్తుంది, కానీ దారికి అడ్డం నిలబడదు. ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంటుంది. గొంతు తగ్గిస్తుంది. ‘ఎందుకు చేశావ్?’ అన్న ప్రశ్నకు బెదిరిన పిల్ల దగ్గర జవాబుండదు. ‘అంతకుముందు ఏం జరిగింది?’ అంటే రాత్రి ఇంట్లో జరిగిన గొడవో, బస్సులో ఎవడో చేసిన వెకిలి పనో మెల్లగా బయటపడుతుంది. ముఖం మీద చన్నీళ్లు చల్లుకోమనడం కూడా చిట్కా వైద్యం కాదు, చన్నీళ్లకు గుండెవేగం తగ్గుతుంది. ఇలాంటి మెలకువలను డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సగా కూర్చిన మనస్తత్వవేత్త మార్షా లీనహన్, తానే 17 ఏళ్ల వయసులో మానసిక చికిత్సాలయంలో గడిపానని 2011లో అందరిముందూ చెప్పింది.

కోపం చల్లారాక లెక్కల పుస్తకం తెరవాల్సిందే. చదువు ఆగిపోతే, మిగతా పిల్లల కంటే వెనకబడ్డానన్న సిగ్గు మరో కోపానికి దారితీస్తుంది.

పేద పిల్లల కోసం ఇలాంటి బడి మన దగ్గర కుదరదని అనేవాళ్లు రంగారెడ్డి జిల్లాను గుర్తుచేసుకోవాలి. 1990లలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ అక్కడ నడిపిన బ్రిడ్జి కోర్సు శిబిరాల్లోకి చేలల్లోంచి, ఇంటి చాకిరీలోంచి, పెళ్లి పీటల దాకా వెళ్లి తప్పించుకున్న ఆడపిల్లలు వచ్చారు. చేతిలో పాఠ్యపుస్తకం పెట్టేముందు పాటలు, ఆటలు, కబుర్లు. టీచర్లు పిల్లలతోనే ఉండేవారు. బెత్తం లేదు. చదువు అందుకున్నాక వయసుకు తగ్గ తరగతిలో మామూలు ప్రభుత్వ బడికి పంపేవారు. సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ శిబిరాలను ఎవరూ చికిత్సాలయాలు అనలేదు. అయినా భయపడ్డ పిల్ల మళ్లీ మనుషుల్ని నమ్మేలా చేసిన చోట్లవి. వయసుకు తగ్గ తరగతి, ప్రత్యేక శిక్షణ అన్నవి 2009 విద్యాహక్కు చట్టంలోనూ ఉన్నాయి. పిల్లలకు భయం, ఆందోళన లేని చదువు అందాలని చెప్పేది కూడా అదే చట్టం. కాకపోతే దాని హామీ 14 ఏళ్లకే ఆగుతుంది, సరిగ్గా గొడవలు ముదిరే వయసు అది.

బోరబండకు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి కూతవేటు దూరం. కానీ ‘ఎర్రగడ్డ’ పేరెత్తితేనే పిల్ల పెళ్లి సంబంధాల గురించి భయపడే ఇళ్లున్నాయి. 2022లో మొదలైన మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. అయితే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే అమ్మతో మాదాపూర్ వెళ్లిపోతుంది. అందుకే ఆ పిల్ల మాట వినే మనిషి బడిలోనే ఉండాలి. వారానికోసారి వచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్లే అతిథి కాదు, రోజూ ఉండే, జీతం అందుకునే, పిల్లలు పేరు పెట్టి ‘మేడమ్’ అని పిలిచే కౌన్సెలరు. ఆమెకు తలుపున్న ఒక గది కూడా కావాలి.