పంపు కొనేముందు గుంట చూడాలి

న్యూజెర్సీలో మనవాళ్లు ఇల్లు కొంటే గృహప్రవేశానికి పిలుస్తారు. వ్రతం, భోజనాలు అయ్యాక ఇల్లంతా తిప్పి చూపిస్తారు. నేను మాత్రం ముందు బేస్‌మెంట్‌లోకి దిగి, ఓ మూలన మూతపెట్టి ఉన్న గుంట దగ్గరికి వెళతాను. ఆ ఇంటి సుఖదుఃఖాల్లో చాలా భాగం ఆ గుంటలోనే ఉందని నా నమ్మకం.

ఇక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది. గడ్డకట్టే లోతు కన్నా కిందికి పునాది దిగాలి. మా ప్రాంతంలో అది మూడడుగుల దాకా ఉంటుంది. ఎలాగూ అంత తవ్వుతున్నాం కదా అని ఇంకొంచెం తవ్వి, ఇంటి కింద ఇంకో అంతస్తు కట్టుకున్నారు. మంచు కరిగినా, వాన ముసురుపట్టినా మట్టిలో నీరు పైకొచ్చి ఆ గోడల్ని ఒరుసుకుంటుంది. పునాది వెంట వేసిన చిల్లుల గొట్టం ఆ నీటిని గుంటలోకి తెస్తుంది. గుంటలోని పంపు దాన్ని పైకెత్తి బయట పారబోస్తుంది. దీన్నే సంప్ పంప్ అంటారు.

మనవాళ్ల బేస్‌మెంట్లలో ఏముంటాయో మీకు తెలుసు. హోమ్ థియేటర్, పిల్లల కూచిపూడి క్లాసు, ఇండియా సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు. అవి తడిస్తే ఏడుస్తాం, మళ్లీ కొనుక్కుంటాం. కానీ చాలా బేస్‌మెంట్లలో ఎం.ఎస్. చదవడానికి వచ్చిన పిల్లలు అద్దెకుంటున్నారు. అందుకే ఈ సంగతి గట్టిగా రాయాలనిపించింది.

2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను శేషం ఇటు వచ్చినప్పుడు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన పడింది. ఆ నగరంలో బేస్‌మెంట్ గదుల్లోనే 11 మంది చనిపోయారు. ఎక్కువమంది క్వీన్స్‌లో. వీధి నీరు మెట్ల మీదుగా దూకితే ఏ పంపూ ఆపలేదు. పంపు పని మట్టిలోంచి ఊరే నీటిని తోడడం వరకే. వీధి పొంగితే మనిషి పైకి రావాల్సిందే. అందుకే పడుకునే గదికి మనిషి పట్టే కిటికీ లేని చోట ఎవర్నీ ఉంచకూడదు.

ఇక పంపు సంగతి. మొన్న ఒకాయన ఫోన్ చేసి, "అన్నా, ఒక హెచ్‌పీది పడేద్దాం, మళ్లీ దిగుల్లేకుండా" అన్నాడు. మన పొలాల్లో మోటారు సత్తాని హెచ్‌పీతోనే లెక్కపెడతాం కాబట్టి అలా అనిపించడం సహజం. "వద్దు తమ్ముడూ, ముందు నీ గుంటలోకి ఎంత నీరొస్తోందో చూడు" అన్నాను. చూడటం చాలా తేలిక. గట్టిగా వాన పడుతున్నప్పుడు పంపు ప్లగ్గు ఓ నిమిషం తీసి, నీరు ఎన్ని అంగుళాలు పెరిగిందో కొలవాలి. 18 అంగుళాల వెడల్పున్న గుండ్రటి గుంటలో అంగుళం నీరంటే గ్యాలన్ కన్నా కాస్త ఎక్కువ. 24 అంగుళాల గుంటైతే రెండు గ్యాలన్లకు దగ్గర. చిన్న గుంటలో నిమిషానికి పదంగుళాలు పెరిగినా గంటకు 660 గ్యాలన్లే. మామూలు మూడో వంతు హెచ్‌పీ పంపు పదడుగుల ఎత్తుకు గంటకు 2,000 గ్యాలన్ల చుట్టుపక్కల తోడేస్తుంది. అంతకు మించిన మోటారు పెడితే గుంటని క్షణాల్లో ఖాళీ చేసి ఆగుతుంది, నీరు చేరగానే మళ్లీ మొదలవుతుంది. మోటారుకి తిరగడం కన్నా మాటిమాటికీ మొదలవడమే ఎక్కువ చేటు.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న గ్యాలన్లు చాలాసార్లు సున్నా ఎత్తుకు లెక్క. మీకు కావలసింది గుంట అడుగు నుంచి గొట్టం గోడ దాటే చోటి దాకా ఉన్న ఎత్తుకి వచ్చే నీళ్లు. పక్కనే చిన్న పట్టిక ఉంటుంది, అది చదవండి.

నీళ్లలో మునిగి ఉండే రకం, పోత ఇనుము ఒళ్లు ఉన్నది తీసుకోండి. మోటారు వేడి చుట్టూ ఉన్న నీటిలోకి పోతుంది, చప్పుడు తగ్గుతుంది. కానీ పంపులు చెడేది ఎక్కువగా మోటారు వల్ల కాదు, నీటి మట్టాన్ని బట్టి పంపుని మొదలుపెట్టి ఆపే ఫ్లోట్ స్విచ్ వల్ల. తీగకు వేలాడే ఫ్లోట్ ఇరుకు గుంటలో గోడకు తట్టుకుని ఇరుక్కుంటుంది. అప్పుడు పంపు అసలు మొదలవదు, లేదంటే కాలిపోయేదాకా ఆగదు. ఇరుకు గుంటకి నిలువు కడ్డీ మీద పైకీ కిందికీ జారే ఫ్లోట్ మేలు. పైకెక్కిన నీరు వెనక్కి జారకుండా చెక్ వాల్వ్ ఉండాలి. మన ఫుట్‌వాల్వ్ చేసే పనే అది చేస్తుంది. పంపుకీ దానికీ మధ్య గొట్టానికి సన్నటి చిల్లు కూడా కావాలి. లేకపోతే గాలి ఇరుక్కుని మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు కదలదు. గొట్టం బయటి కొసని పునాదికి పదడుగుల అవతల వదలండి, దగ్గరే పోస్తే అదే నీరు తిరిగి మీ గుంటలోకే వస్తుంది.

అసలు డబ్బు ఖర్చుపెట్టాల్సింది వీటన్నిటి మీదా కాదు. పెద్ద గాలివాన వచ్చిన రాత్రే కరెంటు పోతుంది. ఎంత మంచి పంపైనా అప్పుడు ఇనుప ముద్దే. అవసరానికి మించిన మోటారు కొనే బదులు, ఆ డబ్బుతో బ్యాటరీ మీద నడిచే రెండో పంపు పెట్టించండి. బ్యాటరీ డీప్ సైకిల్ రకం కావాలి. కారు బ్యాటరీ ఒక్క ఊపులో ఇంజన్ లేపడానికి చేసింది, గంటల తరబడి తోడదు. డీప్ సైకిల్ బ్యాటరీని కూడా కొన్నేళ్లకోసారి మార్చాలి. మునిసిపల్ నీటి ఒత్తిడితో నడిచే బ్యాకప్ పంపులూ ఉన్నాయి. బావి నీరు వాడే ఇళ్లకు అవి పనికిరావు. ఎందుకంటే కరెంటు పోతే బావి పంపూ ఆగిపోతుంది.

మామూలు ఇంటి బీమా గుంట పొంగిన నష్టాన్ని కట్టదు. దానికి వేరే అనుబంధం అడిగి తీసుకోవాలి. ఏటా వసంతానికి ముందు గుంటలో బకెట్టు నీళ్లు పోసి పంపు మొదలవుతోందో లేదో చూడాలి. అన్నిటికన్నా చవకైనది నీటి అలారం. దాన్ని గుంట అంచున పెట్టడమే కాదు, కింద అద్దెకున్న పిల్లల గది గుమ్మం దగ్గర ఇంకొకటి పెట్టండి. అది మోగితే పుస్తకాలు, లాప్‌టాప్ వదిలేసి మెట్లెక్కి రమ్మని వాళ్లు ఇంట్లో చేరిన మొదటిరోజే చెప్పండి.