పెళ్లి కబురే వీడ్కోలు కచేరీ

పాశ్చాత్య సంగీత నిఘంటువుల్లో మగ విద్వాంసుల జీవితాలు చదువుతుంటే, చివరి కచేరీ దగ్గర రాసినవాళ్లు కాసేపు ఆగుతారు. ఏ ఊళ్లో జరిగింది, ఏం వాయించాడు, సభ ఎలా లేచి నిలబడింది, మర్నాడు పత్రికలు ఏమన్నాయి. తెరెసా మిలనొల్లో పేరు కింద అదే చోట నాకు దొరికింది ఒక పెళ్లి కబురు. 1857లో తెయోదోర్ పార్మాంతియే అనే సైనిక ఇంజనీరును పెళ్లాడింది, వృత్తి కచేరీలు మానేసింది. అంతే. అప్పటికామెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఎందుకు మానేసిందన్న ప్రశ్నే లేదు. పెళ్లి అన్నాక మళ్లీ కారణం ఏమిటన్నట్టు!

ఆత్మకథల మీద పరిశోధన చేసిన అలవాటు కొద్దీ నేను మొదట రాయనిదేమిటో వెతుకుతాను. మిలనొల్లో విషయంలో రాయనిది చాలా ఉంది.

ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతంలోని సవిల్యానో ఆమెది. పుట్టింది 1827లో. తండ్రి పట్టు వడికే యంత్రాలు తయారు చేసేవాడు. తొమ్మిదేళ్లు నిండకముందో, నిండుతుండగానో వేదికెక్కిన ఈ పిల్ల, తనకన్నా ఐదేళ్లు చిన్నదైన చెల్లెలు మరియాకు తనే ఫిడేలు నేర్పింది. 1840లలో ఇద్దరూ కలిసి ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రియా, ఇంగ్లండు తిరిగి వాయించారు. శ్రోతలు, పత్రికలవాళ్లు వాళ్లకు ముద్దుపేర్లు పెట్టారు: అక్క 'అడాజియో కుమారి', చెల్లెలు 'స్టకాటో కుమారి'. అడాజియో అంటే నిదానంగా సాగే నడక, స్టకాటో అంటే స్వరాలను తుంచి తుంచి పలికించడం. వాయించే తీరు మీద మొదలైన మాట పిల్లల స్వభావం మీదికి జారిపోయింది. ఒకతె దిగులు పిల్ల, ఇంకొకతె చిలిపి పిల్ల. కానీ ఆ చెల్లెలి చేతిలోని స్టకాటో అక్క నేర్పిందే కదా! కళ్లెదుట ఒక గురువు, ఒక శిష్యురాలు నిలబడి ఉంటే లోకం ఇద్దరు ముద్దుబిడ్డల్ని చూసి మురిసిపోయింది.

1848లో పదహారేళ్ల మరియా పారిస్‌లో క్షయతో చనిపోయింది. కొంతకాలం మౌనంగా ఉండి తెరెసా ఒంటరిగా వేదిక మీదికి తిరిగొచ్చింది. నా దృష్టిలో ఆమె జీవితంలో అసలు ఘట్టం అక్కణ్ణించి 1857 దాకా. నేను చూసిన పరిచయాల్లో ఎక్కువ భాగం అక్కడికొచ్చేసరికి గబగబా నడిచిపోతాయి. ఈ కాలంలోనే ఆమె 'పేదల కచేరీలు' మొదలుపెట్టింది. ముందు డబ్బున్నవాళ్లకు ఒక కచేరీ, ఆ తర్వాత పేదపిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఇంకొకటి. మొదటిదాని రాబడి రెండోదానికి వచ్చినవాళ్లకు డబ్బుగా, తిండిగా, బట్టలుగా అందేది. దీన్ని ఆమె దయాగుణానికి గుర్తుగా చెబుతారు. ఇరవైల్లో ఉన్న ఒక స్త్రీ ఊరూరా ఇలాంటి ఏర్పాటు నడిపించడానికి దయ ఒక్కటే చాలుతుందా? లెక్కలు తెలియాలి, మాట చెల్లాలి. మగవాడైతే సంస్థాపకుడనేవాళ్లు.

ఆ రోజుల్లో ఆడవాళ్లకు పియానో, హార్ప్ తగినవి, ఫిడేలు తగదు. గడ్డం కింద నొక్కి పట్టుకోవాలి, మెడ వంకర పోతుంది, కమాను లాగితే భుజం ఎగురుతుంది, అందం చెడుతుంది. సాక్షాత్తూ ఫిడేలు విద్వాంసుడైన లూయీ ష్పోర్, తన భార్య డొరెట్టె ఫిడేలు కూడా వాయించగలిగినా, ఆడవాళ్లకు నప్పదని మాన్పించానని ఆత్మకథలో నిస్సంకోచంగా చెప్పుకున్నాడు. ఆమె హార్ప్ వాయించుకుంది.

ఈ శరీరపు వాదన చదివినప్పుడల్లా నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది. మన దగ్గర ఫిడేలు గడ్డం కింద నొక్కక్కర్లేదు. చాప మీద కూర్చుని, ఒక కొస పాదం మీద ఆనించి, వంచిన తల ఎత్తకుండా వాయించుకోవచ్చు. అంతకన్నా అణకువ ఏముంటుంది? అయినా పెద్దమ్మ ఫిడేలు పెళ్లయిన ఏడాదే అటకెక్కింది. ఎవరు మాన్పించారని ఒకసారి అడిగాను. "ఎవరూ మానమన్లేదే, కుదర్లేదంతే" అంది. కనక మెడ వంకరా, భుజం ఎగరడమూ సాకులే అనుకుంటాను. అయితే తెరెసా చేత ఎవరో మాన్పించారని తేల్చెయ్యడానికీ నాకు మనసొప్పదు. చిన్నప్పటి నుంచీ బండ్లలో, సత్రాల్లో బతికిన మనిషికి కాస్త నిలకడగా ఉండాలనిపించిందేమో.

విల్మా నెరూడాను పక్కన పెట్టి చూడండి. 1864లో స్వీడన్ స్వరకర్త లుడ్విగ్ నార్మన్‌ను పెళ్లాడిన ఆమె 1869లో అతని నుంచి విడిపోయింది. ఆ ఏడాదే లండన్‌లో వాయించి అక్కడ గొప్ప పేరు తెచ్చుకుంది. నిలబడ్డ వృత్తి పెళ్లి నుంచి బయటికొచ్చిన మనిషిది. అయినా విడిచిపెట్టిన భర్త పేరు విడవలేదు: కచేరీ ప్రకటనల్లో ఆమె 'మదామ్ నార్మన్-నెరూడా'. 1888లో ఛార్లెస్ హాలేను పెళ్లాడాక 'లేడీ హాలే'. ఆమెను యోఆకిమ్‌తో పోల్చి మెచ్చుకునేవాళ్లు. ఆడవాళ్ల వాయిద్యానికి అప్పట్లో దొరికే పెద్ద బిరుదు, మగవాళ్లకు తీసిపోలేదనడమే.

తెరెసా నిజానికి వాయించడం మానలేదు. భర్త ఉద్యోగం ఎక్కడికి మారితే అక్కడికి వెళుతూ, 1878లో పారిస్‌లో స్థిరపడేదాకా ధర్మకార్యాల కోసం వాయిస్తూనే ఉంది. ఆగింది సంపాదన. పెళ్లి తర్వాత నలభై ఏడేళ్లు బతికి 1904లో చనిపోయింది. జీవితంలో సగం కన్నా ఎక్కువైన ఆ కాలానికి నిఘంటువులో దక్కింది ఒకటి రెండు వాక్యాలు. ఆమె చేతిలో ఉండిన 1728 నాటి స్ట్రాడివేరియస్ మాత్రం వేదిక దిగలేదు. ఇరవయ్యో శతాబ్దంలో క్రిస్తియాన్ ఫెర్రాస్ దాన్ని వాయించాడు. 'మిలనొల్లో' అని వెతికితే ఇప్పుడు నాకు ముందు ఎదురయ్యేది ఆ ఫిడేలే.