హమామ్‌దస్తా ఏ ఊరి మాట?

మా అమ్మీ వంటింటి గురించి ఒక పండగ సంచికకి రాస్తూ 'హమామ్‌దస్తా' అన్నాను. అచ్చులో అది 'రోలు-రోకలి' అయి కూర్చుంది. అడిగితే డెస్కు పెద్దాయన, "పాఠకులకి అర్థం కావద్దా భాయ్, అది తెలుగు కాదు కదా" అన్నాడు. కోపంగా కాదు, నాకు మేలు చేస్తున్నట్టే అన్నాడు. అదే పేజీలో మిక్సీ, కుక్కర్ చెక్కుచెదరకుండా ఉన్నాయి!

రోలంటే ఒకచోట పాతుకుని ఉండేది. అమ్మీది ఇనుప పాత్ర. ముందు పెట్టుకుని అల్లం, వెల్లుల్లి వేసి ఠంగ్ ఠంగ్‌మని దంచేది. రోలు అనేసరికి ఆ చప్పుడు పోయింది.

ఫార్సీలో హావన్ అంటే దంచే పాత్ర. దస్తా అంటే పిడి, చేత పట్టి దంచేది. హావన్‌దస్తా జనం నోట ఇమామ్‌దస్తా, హమామ్‌దస్తా అయింది. ఇందులో స్నానాల హమామూ లేదు, నమాజు చదివించే ఇమామూ లేడు. ఉర్దూ అదబ్ తెలిసిన మా పెద్దలు కొందరు ఇది విని నవ్వుతారు. తెలుగు పండితుడికి తురకమాట, ఉర్దూ షరీఫులకి మోటుమాట. మా అమ్మీ ఇద్దరికీ కానిదైంది.

నిజానికి హావన్ ఇస్లాం కన్నా పాతది. అవెస్తాలో హావన అంటే హవోమ మొక్కని దంచే పాత్ర. పార్సీ పూజారులు యస్న క్రతువులో నేటికీ లోహపు హావన్ వాడతారు. ఆ ధాతువుకి సంస్కృతంలో తోబుట్టువు సవనం, అంటే సోమరసం పిండడం. (హోమం చేసే హవనం వేరు. చప్పుడు కలిసింది గానీ ధాతువు కలవదు.) ఈ మాటకి ఏ మతం రాస్తారు?

దస్తా మూలం దస్త్, చెయ్యి. దస్తావేజు, దస్కత్తు, జబర్దస్తీ, తెలంగాణలో చెమట తుడుచుకునే దస్తీ, అన్నీ ఆ చేతివే. దంచడమనే ఫార్సీ క్రియ నుంచే మన కోఫ్తా వచ్చింది. ఇరాన్ వంటిళ్లలో ఉడికిన మాంసం మెదిపే గోష్త్‌కూబ్‌లోనూ అదే క్రియ. డేకిసా ఫార్సీ దేగ్‌చాయే. అందులో పప్పు ఉడికేటప్పుడు దాని ఊరెవరూ అడగలేదు.

ఈ వేరుకుంపటి పాతదే. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. మిశ్రభాషల, అన్యదేశ్య పదాల నిఘంటువుని 1854లో విడిగా వేశాడు. ఆయన్ని తిట్టను, కచేరీ తెలుగుని కనీసం పట్టించుకున్నాడు. 'అన్యదేశ్యం' అన్నది వ్యాకరణంలో చిన్న గుర్తే. వీధిలో అదే మనిషి మీద పడితే అర్థం మారిపోతుంది. అందుకే ఒక వంటపాత్ర పేరు కోసం ఇంత పేచీ పెడుతున్నాను.

తర్వాతి వ్యాసంలో మళ్లీ హమామ్‌దస్తా అనే రాశాను. ఈసారి బ్రాకెట్లో అర్థం ఇమ్మన్నారు. ఇవ్వలేదు.